కాయితంలో దక్షిణం, ఇంట్లో తూర్పు

మా ఇంటికి దారి లేదని నాకు మొదట చెప్పినవాడు బ్యాంకు పంపిన ఇంజనీరు. అప్పటికి ఇద్దరం ఆ ఇంటి హాల్లోనే నిలబడి ఉన్నాం. దారి లేని ఇంట్లోకి మేమిద్దరం ఎలా వచ్చామో అతను చెప్పలేదు, నేను అడగలేదు. చేతిలోని టేపు చుట్టుకుంటూ, "రిపోర్టుల గట్లనే రాయాలె మేడం, ఏమనుకోకుండ్రి" అని, నేనిచ్చిన చాయ్ తాగి, లేని దారిలోంచే వెళ్లిపోయాడు.

జనగామలో మా ఇల్లు, మహబూబాబాద్‌లో నా ఉద్యోగం, భూపాలపల్లిలో మా ఆయన ఉద్యోగం. ఒకప్పుడు ఈ మూడూ ఒకే జిల్లా. ఆ జిల్లాను విడదీసిన చేత్తోనే మన కాపురాన్నీ విడదీశారని మా ఆయన నవ్వుతూ అంటాడు. నవ్వడం ఆయనకు సులువు. ఆయన దగ్గర వాళ్లమ్మ ఉంది, వేళకు అన్నం ఉంది. నా దగ్గర ఒక కిరాయి గది, ఒక కుక్కరు, కాలేజీలో తెలుగు వ్యాకరణం చెప్పగా మిగిలిన గొంతు ఉన్నాయి. జనగామ ఇంటి దగ్గర తాళం ఉంది.

ఈ ఏడు ఎట్టకేలకు నాకు భూపాలపల్లికి బదిలీ ఆర్డరు వచ్చింది. దసరా సెలవులు కాగానే అక్కడ చేరాలి. మా ఆయనా అత్తమ్మా ఉంటున్నది ఒక్క గది పోర్షను. అందులో నేను ఎలాగో పట్టినా నా పుస్తకాలు పట్టవు. బొగ్గు గనుల ఊళ్లో ఇల్లు అమ్మకానికి రావడమే అరుదు. అలాంటిది ఒకటి దొరికింది. దాని ఓనరు మంచాయనే. "దసరా దాంక ఆగుత. ఆ తర్వాత నన్నేమనొద్దు" అన్నాడు. జనగామ ఇల్లు పోతేగాని ఆ ఇల్లు రాదు. అంటే మేం ముగ్గురం ఒక కప్పు కిందికి రావాలంటే, దసరాలోగా జనగామ ఇంటి కాయితాలన్నీ ఒక కవరులోకి రావాలి. మనుషులు రావడమే సులువని నాకప్పుడు తెలియదు.

కొనే మనిషి చప్పున దొరికింది. జనగామ దవాఖానలో నర్సు. గూడూరు అవతల తండాలో పుట్టి పెరిగిన అమ్మాయి. ఇల్లంతా తిరిగి, కుళాయిలు తిప్పి, గోడలు తట్టి, "నచ్చింది మేడం. బ్యాంకు లోను పెడుతున్న. కాయితాలు జర జల్ది ఇయ్యిండ్రి" అంది.

జర, జల్ది అనే రెండు మాటలూ కాయితాల జోలికి రావని ఆ అమ్మాయికీ తెలియదు, నాకూ తెలియదు.

రిజిస్ట్రీ ఆఫీసు ఎదురుగా కూర్చునే డాక్యుమెంటు రైటరు నాకు ఆ జ్ఞానం కలిగించాడు. కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి, ఏం కావాలో ఒకటొకటిగా చెప్పాడు. మీరు కొన్నప్పటి రిజిస్ట్రీ కాయితం. మీకమ్మినాయన కొన్నప్పటి కాయితం, దాన్ని లింకు డాక్యుమెంటంటారు. ఇంటి మీద తాకట్టు లేదని చెప్పే ఈసీ. ఇంటి పన్ను రసీదు, నల్లా బిల్లు, కరెంటు బిల్లు, మున్సిపాలిటీ పర్మిషన్ ప్లాను.

"గింతేనా?" అన్నాను ధైర్యంగా.

"గింతే మేడం. అన్నీ ఒకదానికొకటి కలవాలె, గంతే" అన్నాడు.

ఆ చివరి 'గంతే'లోనే ఉంది గండమంతా.

ఈసీ అంటే ఈజీ అనుకున్నాను. మూడు శనివారాలు మహబూబాబాద్ నుంచి రైలెక్కి, కేసముద్రంలో ఎక్కే మిర్చి ఘాటుకు తుమ్ముతూ, కాజీపేటలో నిలబడి, జనగామలో దిగితే, ప్రతిసారీ సర్వరు పడుకుని ఉంది. మా పిల్లలు వ్యాకరణం క్లాసులో కూడా అంత గాఢంగా పడుకోరు. నాలుగో శనివారం లేచి ఈసీ ఇచ్చింది. కరెంటు బిల్లు తీసి చూస్తే ఇప్పటికీ మాకు ఇల్లమ్మినాయన పేరు మీదే ఉంది. ఇన్నేళ్లుగా ఆయన పేరు మీద ఫ్యాన్లు తిప్పుకుని, ఆయన పేరు మీద వెలుగు చూశామన్నమాట. పేరు మార్పించడానికి ఆయన సంతకం కావాలన్నారు. ఆయన రేగొండలో పత్తి పెడుతున్నాడని విని, మా ఆయన సెలవు పెట్టి వెళ్లి, చేనులో ఆయన్ని పట్టుకుని సంతకం తెచ్చాడు. కాయితం మీద మట్టి వేలిముద్ర ఉచితంగా వచ్చింది.

ఇంక మిగిలింది ప్లాను. అది దొరికింది గానీ, దొరక్కపోయినా బాగుండేది.

డాక్యుమెంటు రైటరు దాన్ని విప్పి అటు తిప్పి ఇటు తిప్పి, "గిదేంది మేడం, ప్లాను మీద ఎవలో ఎర్ర పెన్నుతోని కొట్టివేసిండ్రు?" అన్నాడు.

"మా వాస్తు ఆయన."

"మున్సిపాలిటీ స్టాంపు మీదికెల్లి గీసిండు గదా!"

"ఆయనకు స్టాంపు కంటే దిక్కులు ముఖ్యం."

సంగతేమిటంటే, మేం ఆ ఇల్లు కొని పాలు పొంగించిన కొద్ది రోజులకే మా ఆయనకు భూపాలపల్లి బదిలీ అయింది. అత్తమ్మకు అనుమానం వచ్చింది. ఇంటి తలుపు దక్షిణం రోడ్డు వైపు ఉంది కదా, అదే మనుషుల్ని నిలవనియ్యడం లేదని ఆవిడ లెక్క. వాస్తు ఆయన వచ్చి, చేతిలో దిక్సూచి పెట్టుకుని, ప్లాను మీద దక్షిణం తలుపును ఎర్రగా కొట్టేసి, తూర్పు గోడకు ఒక బాణం గుర్తు గీశాడు. తూర్పున మాకు జాగా లేదు. పక్కింటి అవ్వది ఒక సందు ఉంది. ఆ ఇంటికీ మా ఇంటికీ మధ్య, రోడ్డు దాకా పోయే సన్నని సందు, ఆమె సొంతం.

"నా సందులకెల్లి నడువుండ్రి, అరుగుతదా ఏంది?" అంది అవ్వ, ఎవరూ అడగకముందే.

అలా దక్షిణం తలుపు ఊడదీసి, ఆ ఖాళీని ఇటుకలతో పూడ్చి, అదే తలుపును తూర్పున బిగించాం. పూడ్చిన గోడకు అవతల తులసి కుండీ పెట్టాం. ఇవతల బీరువా పెట్టాం. మేస్త్రీ పనికి మురిసిపోయి అత్తమ్మ అతనికి కొత్త తువ్వాలు కప్పింది. ఆ సున్నం తడి ఆరకముందే నాకు మహబూబాబాద్ బదిలీ అయింది. వాస్తు మార్చుకున్నాం గానీ వాస్తవం మారలేదు. వాస్తవం ఇంట్లో ఎలాగూ మారలేదు, కాయితంలోనూ మారలేదు. రిజిస్ట్రీలో ఇప్పటికీ దక్షిణం రోడ్డు, అటే తలుపు. తూర్పున అవ్వ జాగా.

బ్యాంకు ఇంజనీరు చూసింది అదే. రోడ్డు వైపు నిండు గోడ. తలుపేమో పరాయి జాగాలోకి. "ఈ ఇంటికి సొంత దారి లేదు" అని రాశాడు. ఇల్లు కొనే నర్సమ్మ లోను అక్కడ ఆగింది. ఆమె లోను ఆగితే మా అమ్మకం ఆగుతుంది, మా అమ్మకం ఆగితే భూపాలపల్లి ఓనరు ఆగడు.

"ఏం లేదు మేడం" అన్నాడు డాక్యుమెంటు రైటరు, ఏదో ఉన్నప్పుడే అనే పద్ధతిలో. "అవ్వతోని దారి ఒప్పంద పత్రం రాపిద్దాం. సందులకెల్లి నడిచే హక్కు ఇస్తున్ననని ఒక్క సంతకం."

కాలేజీలో సంధులు చెప్పుకుని బతికే నాకు, ఒక సందు ఇంత పని చేస్తుందని తెలియదు. సంధికి సూత్రమైనా ఉంటుంది.

అవ్వ తన గడపలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నేను వంగి, వీలైనంత మెత్తగా విషయం చెప్పాను. ఆమె విన్నంతసేపూ గింజలు తీస్తూనే ఉంది.

"నడువుమన్న నాడు కాయితం అడిగినవా?" అంది చివరికి.

"అడగలేదవ్వా."

"మరి ఇయ్యాల ఎందుకు అడుగుతున్నవు? నా నోటిమాట పాతగయ్యిందా?"

"నాకు కాదవ్వా, బ్యాంకోళ్లకు..."

"బ్యాంకోళ్లను నేను నడువుమన్ననా? నిన్ను నడువుమన్న. నీ తర్వాత వచ్చేటామె కూడ నడుస్తది, ఎవలొద్దన్నరు? సంతకం మాత్రం పెట్ట. కేసముద్రంల ఉన్న నా కొడుకులు, మేం లేంది ఏ కాయితం మీద వేలు పెట్టకమ్మా అని ఒట్టేయించుకున్నరు. వాళ్లు వచ్చేది పత్తి సీజను అయిపోయినంక."

పత్తి సీజను దసరాకి మొదలవుతుంది. అయ్యేది ఎప్పుడో మార్కెట్ యార్డులో లారీలకే తెలియాలి.

"అయినా బిడ్డా," అంది అవ్వ, గింజలు చేటలోకి దులుపుతూ, "ఉన్న తలుపు మూసుకున్నది మీరు. నన్నడిగి మూసిండ్రా?"

 తెలుగు లెక్చరర్ని, కింద పడ్డ గింజ ఒకటి ఏరి చేటలో వేసి లేచాను.

మళ్లీ డాక్యుమెంటు రైటరు దగ్గరికి వెళ్లాను. ఆయన ప్లాను మీది ఎర్ర గీతలను వేలితో రుద్ది చూశాడు. "కాయితాన్ని ఇంటి లెక్క మార్చాల్నంటే మున్సిపాలిటీ, టౌన్ ప్లానింగు, మళ్ల అవ్వ. దసరా కాదు గదా, ఉగాది గూడ దాటుతది. ఇంటినే కాయితం లెక్క మార్చుండ్రి" అన్నాడు.

"అంటే?"

"దక్షిణం గోడ పలగ్గొట్టుండ్రి మేడం. ఒక తలుపు వెట్టుండ్రి. ఇంజనీరు మళ్ల వచ్చి చూస్తడు, ఖతం."

ఇంటికి తగ్గ కాయితాలు చేసుకుంటారని విన్నాను. కాయితాలకు తగ్గట్టు ఇల్లు చేసుకోవడం నా వంతుకు వచ్చింది. ప్లానుకు నకలు కోసం మున్సిపాలిటీలో అర్జీ పెట్టి, అదే ఊపులో మేస్త్రీకి ఫోను చేశాను.

వచ్చినవాడు ఆనాడు తువ్వాలు కప్పించుకున్న మేస్త్రీయే. గోడ మీద చెయ్యి పెట్టి నిమిరాడు. "గట్టిగ కట్టిన మేడం. పలగ్గొట్టబుద్ధి అయితలేదు" అన్నాడు. పైగా ఆ రోజుల్లో సిమెంటు ఎంత బాగుండేదో కూడా చెప్పాడు. కట్టిన చేతులతోనే పొద్దంతా సుత్తితో గోడను కొడుతూ, వీలున్నప్పుడల్లా మా అత్తమ్మను తిట్టుకున్నాడు. బీరువా జరిపిన చోట నేల మీద ఇంకో రంగు. గోడకు అవతల తులసి కుండీ దుమ్ములో మునిగింది. దాన్ని ఎత్తి పక్కన పెట్టాను. అవ్వ తన సందులోంచి వచ్చి, చేతులు నడుము మీద పెట్టుకుని, "మూసిన్నాడు చూసిన, తెరిచిన్నాడు చూస్తున్న. మీకు పనులు లేవా?" అంది.

పాత తలుపు తూర్పున ఉంది కాబట్టి దక్షిణానికి రెడీమేడ్ తలుపు కొన్నాను. అది చూసేందుకే తలుపు. తోస్తే డొల్లగా మోగుతుంది. అయినా ఇంజనీరు వచ్చి, తెరిచి, మూసి, ఫోటో తీసుకుని, "ఇప్పుడు ఓకే మేడం, ఇంటికి దారున్నది" అన్నాడు. అని, అలవాటుకొద్దీ అవ్వ సందులోంచే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మహబూబాబాద్ రైల్లో ఉండగా భూపాలపల్లి నుంచి ఫోను. మా ఆయన కాదు, అత్తమ్మ.

"దక్షిణం తలుపు తెరిచినవట?"

"తెరవక తప్పలేదత్తమ్మా."

"తప్పదులే. కొనేటామెకు చెప్పినవా మరి?"

"ఏం చెప్పాలి?"

"ఏం చెప్పాల్నా? గా తలుపు మనుషుల్ని నిలవనియ్యదని. ఉన్న ఊరికెల్లి లేపుతదని. అమ్మేటోళ్లం మనం, దాస్తే మనకు పాపం. ఆ పిల్ల రేపు ఏమన్న అయితే మనల్ని తిట్టుకోదా?"

నేను ఆ నమ్మకాన్ని నమ్మను. కానీ ఫోను పెట్టేశాక కూడా మాట మాత్రం నన్ను వదల్లేదు. ఈసీ ఇచ్చాను, లింకు డాక్యుమెంటు ఇచ్చాను, మట్టి వేలిముద్రతో సహా కరెంటు కాయితం ఇచ్చాను. ఎందుకు మూశారో మాత్రం చెప్పలేదు. నర్సమ్మ ఇల్లు చూసినప్పుడు, "తూర్పు మొకం ఇల్లు, మంచిదే" అని తనలో తాను అనుకున్న మాట నాకు వినపడింది. ఇప్పుడు దక్షిణం తెరిచి పెట్టి, నోరు మాత్రం మూసుకుంటే ఎలా? చెబితే అమ్మాయి వెనక్కి తగ్గొచ్చు. అప్పుడు దసరా, భూపాలపల్లి, ఒక కప్పు, అన్నీ పోతాయి. రైలు కేసముద్రంలో ఆగి, ఒక గూడ్సుకు దారిచ్చి, నా ఆలోచన ఎంతకూ తెగకపోవడంతో విసుగుపుట్టినట్టు మెల్లగా కదిలింది.

మరుసటి ఆదివారం దవాఖాన క్యాంటీన్లో ఆ అమ్మాయిని కలిశాను. డ్యూటీ మధ్యలో వచ్చింది. నేను సంజాయిషీ ఇస్తున్నట్టు అంతా చెప్పాను. మా ఆయన బదిలీ, అత్తమ్మ అనుమానం, ఎర్ర పెన్ను, ఇటుకలు, ఆ తర్వాత నా బదిలీ.

"నాకు గివన్నీ పట్టవు గానీ, దాచొద్దని చెబుతున్నాను" అన్నాను.

ఆమె చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. 

"అంటే అక్కా, గా తలుపు తెరిచి ఉంటే ట్రాన్స్‌ఫర్ అయితదా?" అంది. మేడం అక్క అయిందని అప్పుడు గమనించలేదు.

"మా అత్తమ్మ నమ్మకం అది..."

"కాదక్కా, మంచిగ చెప్పు. ఇంట్ల ఉండేటోళ్లకు అయితదా, ఇంటికి రావాల్సినోళ్లకు అయితదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె భర్త గూడూరు అడవిలో బీట్ ఆఫీసరట. పెళ్లయినప్పటి నుంచీ జనగామ వైపు బదిలీ కోసం తిరుగుతున్నాడట. అర్జీలు పెట్టాడు, పెద్దల కాళ్లు పట్టాడు, అడవిలో చెట్లు పెరుగుతున్నాయి గానీ ఫైలు ఇంచు కదల్లేదు. నెలకు రెండుసార్లు వచ్చి బట్టలు ఉతికించుకుని పోతాడు.

అక్కడే ఆయనకు ఫోను చేసింది. వాళ్ల ఇంటి భాషలో గడగడా మాట్లాడింది. అందులో నాకు అర్థమైనవి 'దక్షిణం', 'ట్రాన్స్‌ఫర్', మధ్యలో వాళ్లిద్దరి నవ్వు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది.

"మా ఆయన ఏమంటుండంటే, తలుపు మూయకు, గొళ్లెం గూడ పెట్టకు అంటుండు."

"మరి నువ్వెక్కడికైనా బదిలీ అయితే?"

"గూడూరుకే చెయ్యమందాం. ఎటైనా ఒక్కదగ్గర పడితే చాలు గదక్కా."

ఎటైనా ఒక్కదగ్గర. నా బాధను నాకంటే పొట్టిగా చెప్పింది. ఇన్ని వారాలుగా నేను కాయితాలు పట్టుకుని ఆ మాట కోసమే రైళ్లెక్కుతున్నాను.

దసరాకి కొద్ది రోజుల ముందు రిజిస్ట్రేషన్. మా ఆయన భూపాలపల్లి నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చాడు. సాక్షి సంతకాలకు మేస్త్రీనీ నర్సమ్మతో పనిచేసే ఒకామెనూ పిలిచాం. పిలవకుండా వచ్చింది అవ్వ. ఇస్త్రీ చీర కట్టి, ముందు కుర్చీలో కూర్చుంది.

"అవ్వా, నువ్వు సంతకం పెడతవా?" అన్నాడు డాక్యుమెంటు రైటరు ఆశగా.

"ఎందుకు పెడుత? చూడనీకి వచ్చిన. చూసినోళ్లే గదా సాక్షి. నా సందులకెల్లి నడవమని ఈ పిల్లకు చెప్పిన. అందరు విన్నరు. ఇంకేం గావాలె?"

 లోపలి నుంచి మా నంబరు పిలిచారు. హద్దులు చదువుతుంటే, "దక్షిణం: రోడ్డు" అన్న చోట మేస్త్రీ గర్వంగా తలూపాడు.

తాళాలు అప్పగించేటప్పుడు నర్సమ్మ డొల్ల తలుపు తాళంచెవి ఏదని అడిగి, దానికి ఎర్రదారం కట్టి, విడిగా పర్సులో వేసుకుంది. మేం మాత్రం చివరిసారి తూర్పు తలుపులోంచే బయటికి వచ్చాం. అవ్వ సందులో నడుస్తూ మా ఆయన, "ఈ దారి ఏ కాయితంలోనూ లేదు కదా" అన్నాడు. "చిన్నగా అనండి, ఎవరైనా వచ్చి రాసుకుంటారు" అన్నాను.

ఇప్పుడు భూపాలపల్లిలో ఉన్నాం. ముగ్గురం, నా పుస్తకాలు, ఒక కప్పు. ఓనరు దగ్గర కాయితాలు తీసుకునేటప్పుడు ఆయన్ని ఎంత సతాయించానంటే, మంచాయన కూడా చివరికి, "ఏంది మేడం, ఇల్లు కొంటుండ్రా, నన్ను అరెస్టు చేస్తుండ్రా?" అన్నాడు. పాలు పొంగిన రోజు అత్తమ్మ గడపలో నిలబడి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ని వెతుకుతూ, "తలుపు ఏ దిక్కున్నట్టు?" అంది.

"కాయితంలో ఏ దిక్కుంటే ఆ దిక్కే అత్తమ్మా" అన్నాను, ఎర్ర పెన్నులన్నీ నా బ్యాగులో వేసుకుని.

మొన్న నర్సమ్మ ఫోను చేసింది. దక్షిణం తలుపు పొద్దంతా బార్లా తెరిచే పెడుతోందట.

"ఆర్డరు ఇంక రాలే గానీ అక్కా, రోడ్డు మీద దుమ్మంత ఇంట్లకే వస్తున్నది. ఊడ్చి ఊడ్చి నడుము పోతున్నది. ఇంకెన్ని రోజులు తెరవాలె?"

"సర్వరు డౌనేమో, ఇంకొన్నాళ్లు తెరిచి చూడు" అన్నాను.